మేనేజరు గదిలో దీపం ఆర్పినందుకు

కార్మిక సంక్షేమ శాఖకును, విద్యుత్ పొదుపు శాఖకును ఉమ్మడి అధికారి గారి సముఖమునకు

అయ్యా,

మా చెల్లెలి ఉద్యోగానికి ఎసరు పెట్టింది మీరు. పొయ్యి కింద మంట వేసింది వాళ్ళ మేనేజరే కావచ్చు, కట్టెలు అందించింది మాత్రం మీ సంతకం.

విషయం: సాయంత్రం ఆరు గంటలకు ఆఫీసుల్లో దీపాలనూ మనుషులనూ ఒకేసారి విడుదల చేసే చట్టం చేయవలెననియు, దీపం ఆర్పిన నేరానికి మా చెల్లెలిపై వచ్చే గురువారం తమ సముఖంలో జరగనున్న విచారణను రద్దు చేయవలెననియు కోరుచు.

తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. అర్జీదారుడనైన నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇతరుల తప్పులు దిద్దుతూ యాభై దాటినవాణ్ణి. సదరు చెల్లెలు ఒక బీమా కంపెనీలో, ఉత్తరాల విభాగంలో సీనియర్ గుమస్తా. క్లెయిము కోసం రాసేవాళ్ళకు "మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది" అని జవాబు రాయడం ఆమె పని. ఆమె భర్త, అంటే మా బావ, కిటికీలకు అద్దాలు బిగించేవాడు. నిచ్చెన మీంచి జారి నడుము పట్టేసి ఏడాదిగా ఇంట్లో ఉన్నాడు. కావున ఆ ఇంటికి ఉన్నది ఒక్క ఉద్యోగం. ఇది సానుభూతి కోసం రాయడం లేదు. గురువారం తమరు ఏం తీసేయబోతున్నారో తమకు తెలిసి ఉండాలని రాస్తున్నాను.

2. తమ విద్యుత్ పొదుపు శాఖ వారు "పని ప్రదేశములలో కదలికను గుర్తించు దీపములు" అమర్చవలెనని ఒక ఉత్తర్వు ఇచ్చారు. మనిషి కదిలితే దీపం వెలుగుతుంది, కదలకపోతే ఆరిపోతుంది. ఆలోచన మంచిదే. మంచి ఆలోచనను తీసుకుపోయి ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోకపోవడం మన ప్రభుత్వాలకు వెన్నతో పెట్టిన విద్య. సదరు కంపెనీ ప్రతి కుర్చీ మీదా ఒక దీపం బిగించింది, ఏ దీపం ఎంతసేపు వెలిగిందో కంప్యూటరులో రాసుకోవడం మొదలుపెట్టింది. దీపం ఆరితే ఆ మనిషి పని మానేసినట్టు లెక్క. ఇప్పుడు అక్కడ ఉత్తరం చదువుతూ కాసేపు కదలకుండా కూర్చున్నవాడు సోమరి, ఊరికే చేతులూపుతూ కూర్చున్నవాడు కష్టజీవి.

మనుషులు ఎంతకని ఊపుతారు? బల్ల మీద చిన్న ఫ్యాను పెట్టుకుని, దాని ముందు రిబ్బను ముక్క కట్టుకున్నారు. రిబ్బను ఊగుతూ ఉంటే దీపం వెలుగుతూ ఉంటుంది. నెత్తిన ఏసీ చలికి పళ్ళు కొట్టుకుంటాయి కనుక కాళ్ళ దగ్గర హీటరు. పైన చలి, కింద వేడి, ముందు గాలి, నడుమ మనిషి. విద్యుత్తు పొదుపు కోసం తమరు ఇచ్చిన ఉత్తర్వు ఒక్కొక్క బల్లకూ రెండు కొత్త యంత్రాలు తగిలించింది. ఆ కంపెనీకి తమ శాఖ బహుమతి కూడా ఇచ్చింది. ఆ ఫలకాన్ని గుమ్మం దగ్గర తగిలించి, అందరికీ కనబడాలని దాని మీదికి ఒక పెద్ద లైటు పెట్టారు. అది రాత్రింబగళ్ళు వెలుగుతుంది. ఆ బహుమతి ఏ సేవకని ఎవరైనా అడిగితే నవ్వకుండా చెప్పగలరా?

3. ఆ అంతస్తులో రాయని నియమం ఒకటుంది. మేనేజరు గది గాజు తలుపులోంచి వెలుతురు కనబడుతున్నంతసేపు ఎవరూ ఇంటికి వెళ్ళరు. వెళ్ళకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అది నేరం అయ్యేది, తమ కార్మిక శాఖ పట్టుకునేది. చెప్పలేదు కనుక అది క్రమశిక్షణ. ఆ తలుపు తట్టడం కూడా ఆచారం కాదు. ఆయనే ఫోనులో ముక్క పంపుతారు, వీళ్ళు జవాబు పంపుతారు. పైగా ప్రతివారి చేతా ఏడాదికోసారి ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు, "ఆరు గంటల తరువాత నేను ఇష్టపూర్వకముగా ఉండుచున్నాను" అని. ఇష్టపూర్వకముగా అట. కోడిని అడిగి మసాలా నూరినట్టు.

ఆరు దాటాక అక్కడ పని ఉంటుందా అంటే ఉండదు. పొద్దున రాసిన ఉత్తరాన్ని మళ్ళీ తెరవడం, ఒక కామా తీసేయడం, అదే కామా మళ్ళీ పెట్టడం. ప్రూఫ్ రీడరుగా చెబుతున్నాను, ఆ కామాకు కూడా విసుగు పుట్టి ఉంటుంది. ఇంట్లో మా బావ అన్నమాట తమరు వినాలి: "మీ చెల్లెల్ని ఆదివారమే చూస్తున్నాను బావగారూ. తక్కిన రోజుల్లో ఆవిడ చెప్పులు చూసి, ఆహా, వచ్చిందన్నమాట అనుకుంటున్నాను." ఆయన నవ్వుతూనే అన్నాడు. నడుము నొప్పి వల్ల ఆయనకు నవ్వినా నొప్పే.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు అన్నారు. ఆ పెద్దలకు ఆఫీసులు లేవు.

4. ఇక నేరం సంగతి. కిందటి నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం సదరు మేనేజరు గారు వెనక లిఫ్టులో దిగి, బంధువుల పెళ్ళికి వేరే ఊరు వెళ్ళిపోయారు. ఎవరికీ చెప్పలేదు, సంగతి తరువాతే బయటపడింది. గదిలో ఏసీ ఆపలేదు. ఏసీ గాలికి కిటికీ కర్టెను ఊగింది. కర్టెను ఊగితే తమ ఉత్తర్వు ప్రకారం బిగించిన దీపం ఊరుకుంటుందా, వెలిగింది. సోమవారం సాయంత్రం వెలిగింది, మంగళవారం వెలిగింది, బుధవారమూ వెలిగింది. ఆయన పెళ్ళి పందిట్లోంచి "ఆ రిపోర్టు ఏమైంది" అని ఫోనులో ముక్కలు పంపుతూనే ఉన్నారు. వీళ్ళు గాజు తలుపు వంక భయభక్తులతో చూస్తూ జవాబులు పంపుతూనే ఉన్నారు. ఒక అంతస్తు మొత్తం మూడు సాయంత్రాలు ఒక కర్టెనుకు కాపలా కాసింది.

టీ తెచ్చే ఆయన రోజూ మేనేజరు గది బయట బల్ల మీద ఫ్లాస్కు పెట్టి పోతాడు. మూడు రోజులూ ఫ్లాస్కు నిండుగానే తిరిగి వెళ్ళింది. "మరి నీకు అనుమానం రాలేదా?" అని తరువాత అడిగితే, "సారు బరువు తగ్గుతున్నారేమో అనుకున్నానండీ, పెద్దోళ్ళ పొట్ట సంగతి మనకెందుకు" అన్నాడట.

బుధవారం సాయంత్రం, కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె బల్ల మీది ఫ్యాను వెనకాల తల దాచుకుని ఏడుస్తోంది. వాళ్ళమ్మకు ఆపరేషను అయింది. ఆసుపత్రిలో రోగుల్ని చూడనిచ్చే వేళ ఏడింటితో అయిపోతుంది. మా చెల్లెలు చెప్పగా విన్నది రాస్తున్నాను.

"వెళ్ళిపోవే తల్లీ, నేను చెబుతాలే."

"సారు లైటు ఉంది కదక్కా."

"తలుపు తట్టి అడుగు."

"అమ్మో, నేనా?"

పక్క బల్ల పెద్దాయన, రిటైరుమెంటుకు దగ్గరపడ్డవాడు, గొంతు తగ్గించి అన్నాడట: "నేను ఇక్కడ చేరినప్పటి నుంచీ ఆ తలుపు ఎవరూ తట్టలేదమ్మా. తడితే ఏమవుతుందో కూడా తెలీదు."

"తెలుసుకుందాం" అని మా చెల్లెలు లేచి వెళ్ళి తట్టింది. పలుకు లేదు. మళ్ళీ తట్టింది. ఆయనకు ఏమైనా అయిందేమోనన్న భయంతో తలుపు తీసింది. లోపల చల్లటి గాలి, ఖాళీ కుర్చీ, ఊగుతున్న కర్టెను. ఆమె ఏసీ ఆపింది. కర్టెను నిలబడింది. స్విచ్చు నొక్కి దీపం ఆర్పింది. బయటికి వచ్చి, "ఇళ్ళకు పదండి, లోపల కర్టెను తప్ప ఎవరూ లేరు" అంది.

మొదట ఎవరూ కదల్లేదట. ఆ తరువాత పక్క బల్ల పెద్దాయనకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని, లిఫ్టు కోసం ఆగకుండా అందరూ మెట్ల మీదుగా దిగారు. "మన సారు కంటే కర్టెనే నయం, తిట్టదు" అని ఎవరో అన్నారు. కొత్త అమ్మాయి వేళకు ఆసుపత్రికి చేరింది. మా చెల్లెలు ఆ రోజు చీకటి పడకముందే ఇంటికి వచ్చింది. మా బావ కంగారుపడి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. వేళకు ఇల్లు చేరిన మనిషిని చూసి జబ్బేమో అనుకునే కాపురం అయిపోయింది వాళ్ళది. దీనికి తమ శాఖలో ఏ సెక్షను వర్తిస్తుంది?

5. శుక్రవారం కంపెనీ వారు ఆమె చేతికి నోటీసు ఇచ్చారు. దీపాల ఉత్తర్వు తమది గనుక విచారణ తమ సముఖంలోనేనట. నేరములు: (అ) అనుమతి లేకుండా మేనేజరు గదిలో ప్రవేశించుట. (ఆ) కంపెనీ విద్యుత్ పరికరములలో జోక్యము చేసుకొనుట. (ఇ) ఇష్టపూర్వకముగా పని చేయుచున్న సిబ్బందిని పని మాన్పించుట.

వెళ్ళేటప్పుడు దీపాలు ఆర్పండి అని తమ శాఖ ముద్రించిన స్టిక్కరు ఆ ఆఫీసులో ప్రతి స్విచ్చు పక్కనా అంటించి ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని చదివి, నమ్మి, పాటించిన మనిషి ఒక్కతే. ఆమె మీదే విచారణ.

ఆ నోటీసు కింద, మేనేజరు గారు ఆ సాయంత్రం గదిలోనే ఉన్నారని అంతస్తు మొత్తం సంతకాలు పెట్టింది. మెట్ల మీద నవ్విన వాళ్ళందరూ పెట్టారు. పక్క బల్ల పెద్దాయన పెట్టాడు. కొత్త అమ్మాయి కూడా పెట్టింది. ఆ అమ్మాయి ఆదివారం మా చెల్లెలింటికి వచ్చి గుమ్మం దాటకుండా నిలబడింది. నేనూ అక్కడే ఉన్నాను.

"పని లేకుండా మూడు రోజులు కూర్చున్నామని ఒప్పుకుంటే, మరి మీరు మాకెందుకు, పొండి అంటారు కదక్కా" అంది.

నాకు ఒళ్ళు మండింది. "మీ అమ్మను చూసుకోవడానికే కదమ్మా ఈవిడ తలుపు తట్టింది" అన్నాను.

మా చెల్లెలు నా వంక కళ్ళెర్రజేసింది. "నువ్వూరుకో అన్నయ్యా. అమ్మకెలా ఉందే?" అంది.

అయ్యా, ఆ అమ్మాయిని నేను తప్పుపట్టలేను. ప్రయత్నించాను, చేతకాలేదు. భయపడేవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం సులువు, భయపెట్టేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు కనుక.

6. ఈ విషయమై అర్జీదారుడు తమ కార్యాలయానికి స్వయంగా వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. బయట ఎండ పేలిపోతోంది. లోపల కర్టెన్లన్నీ వేసి, దీపాలన్నీ వెలిగించి ఉన్నాయి. విద్యుత్ పొదుపు గదిలోని గుమస్తా శాలువా కప్పుకుని కూర్చున్నాడు.

"మాది దీపం వరకేనండీ" అన్నాడు.

"దీపం కింద మనిషి ఉంటే?"

"ఎదురు గది."

ఎదురు గది కార్మిక శాఖ. అక్కడి ఆవిడ ఓపిగ్గానే విన్నారు. "ఆరు దాటాక ఇష్టపడి ఉంటున్నట్టు కాగితం ఉందిగా" అన్నారు.

"ఇష్టం లేకపోతే?"

"ఇష్టం లేకపోతే కాగితం ఉండదుగా."

"మరి వాళ్ళ నెత్తి మీద దీపం?"

"ఎదురు గది."

రెండు గదుల్లోనూ కాగితాల కింద ఒకే సంతకం, తమదే. ఒక మనిషి కుడిచెయ్యికీ ఎడమచెయ్యికీ మధ్య నన్ను బంతిలా ఆడించారు. శాలువా గుమస్తాను పోతూ పోతూ అడిగాను, "ఏసీ కాస్త తగ్గించుకోవచ్చు కదండీ" అని. "రిమోటు సారు దగ్గరుంటుందండీ" అన్నాడు. సారు ఎక్కడ అంటే టూరు అన్నాడు. తమ గది తలుపు కింద నుంచి వెలుతురు వస్తూనే ఉంది.

7. తమరు ఏమని జవాబిస్తారో నాకు తెలుసు కనుక, వాటికి జవాబులు ఇక్కడే రాసేస్తున్నాను.

ప్రజల్లో చైతన్యం రావాలి అంటారు. మా వీధిలో చైతన్యానికి కొదవ లేదు. వేసవి గనుక సహకరించమని మీరు ప్రకటన ఇచ్చి సాయంత్రం కరెంటు తీసేస్తే, విసనకర్రలతో మెట్ల మీద కూర్చుని చైతన్యంగానే ఉంటాం. మా డాబా మీంచి చూస్తే ఆ బీమా కంపెనీ పెళ్ళివారిల్లులా ధగధగలాడుతూ ఉంటుంది. పెళ్ళి లేదు, పెళ్ళికొడుకూ లేడు. చైతన్యం రావలసింది డాబా మీద వాళ్ళకా?

కష్టపడి పనిచేసే సంస్కృతిని చట్టంతో చెడగొట్టకూడదు అంటారు. కష్టపడితే నాకేం అభ్యంతరం లేదు. కూర్చోవడం కష్టం కాదు, శిక్ష. బడిలో అల్లరి చేసినవాణ్ణి సాయంత్రం దాకా ఉంచేవారు, మిగతావాళ్ళను వదిలేసేవారు. ఇక్కడ ఏ అల్లరీ చేయనివాళ్ళను ఉంచుతున్నారు.

చట్టం చేస్తే కంపెనీలు పారిపోతాయి అంటారు. దీపం ఆర్పితే పారిపోయేవి పురుగులు.

వేళలకు ఒక చట్టం, విద్యుత్తుకు ఒక ఉత్తర్వు ఇప్పటికే ఉన్నాయి కదా అంటారు. అదే కదా నా గోల. ఒకటి మనిషిని చూసి దీపాన్ని చూడదు, రెండోది దీపాన్ని చూసి మనిషిని చూడదు. రెంటి నడుమ సందులో ఒక కంపెనీ సుఖంగా కాపురం పెట్టింది. దేశంలో ఎన్ని ఆఫీసులు అదే సందులో కాపురం ఉన్నాయో తమకు తెలియదు. తెలుసుకోవాలంటే తమరు ఆరు దాటాక వీధిలోకి వచ్చి తలెత్తి చూస్తే చాలు. ఆరు గంటలకు ఆఫీసుకు కరెంటు ఆగిపోవాలని ఒక్క ముక్క చట్టంలో ఉంటే, ఇష్టపూర్వకముగా చీకట్లో ఎంతమంది కూర్చుంటారో అప్పుడు లెక్కపెడదాం.

8. ఇంతా రాసి, దీని వల్ల ఏమీ జరగదని కూడా అర్జీదారుడికి తెలియును. కిందటేడు ఇదే దీపాల మీద తమకు ఒక అర్జీ పెట్టుకున్నాను. తమ కార్యాలయం వారు దాన్ని "తగు చర్య నిమిత్తము" అదే మేనేజరు గారికి పంపారు. ఆయన దాన్ని మీటింగులో పైకి చదివి అందరినీ నవ్వించారు. ఆ రోజు నవ్వడం కూడా ఇష్టపూర్వకమే. కావున మేనేజరు గారూ, ఈ కాగితమూ చివరికి మీ చేతికే వస్తుంది గనుక, మీకు నమస్కారం. పెళ్ళి భోజనం బాగుందా?

గురువారంలోగా క్షమాపణ పత్రం మీద సంతకం పెడితే ఉద్యోగం ఉంచుతామని కంపెనీ కబురు పెట్టింది. పత్రం వాళ్ళే రాసి పంపారు. "మేనేజరు గారు గదిలో పని చేసుకొనుచుండగా నేను అనుచితముగా ప్రవేశించి, దీపము ఆర్పి, వారి పనికి భంగము కలిగించితిని" అని ఉంది. ఇందులో అక్షర దోషాలు లేవు. అంతకుమించి దిద్దే అధికారం నాకు లేదు.

కావున ప్రార్థన: వేళలకూ విద్యుత్తుకూ కలిపి ఒకే చట్టం తేవలెను. ఆరు తరువాత ఆఫీసులకు కరెంటు ఆపవలెను. ఆసుపత్రుల వంటి తప్పనిసరి చోట్లకు మినహాయింపు ఇచ్చి, అక్కడ వంతుల వారీగా మనుషులను మార్చవలెను. దీపాల లెక్కను మనుషుల హాజరుగా వాడుట నేరంగా ప్రకటించవలెను. ఇష్టపూర్వకముగా అన్న కాగితాలను చెల్లనివిగా ప్రకటించవలెను. సదరు కంపెనీకి ఇచ్చిన బహుమతి వెనక్కి తీసుకోవలెను, కనీసం దాని మీది లైటైనా ఆర్పించవలెను.

ఈ సంగతులన్నీ తమరు చిత్తగించవలెను. చిత్తగించడం కుదరకపోతే చదవలేదని అయినా ఒక ముక్క రాయించవలెను. పరిశీలనలో ఉన్నదని మాత్రం రాయించవద్దు. "పరిశీలనలో ఉందంటే ఎవరూ చదవలేదని అర్థం అన్నయ్యా, రోజూ నేను రాసేదే కదా" అని మా చెల్లెలు చెప్పింది.

అర్జీ చివర రాయడానికి వేరే మాట దొరకనందున,
తమ విధేయుడు,
ఉత్తరాల విభాగం సీనియర్ గుమస్తా గారి అన్న

తా.క. ఇది కవరులో పెట్టబోతుంటే మా చెల్లెలు తీసుకుని మొత్తం చదివింది. "బాగా రాశావు. సభలో చదివితే చప్పట్లు కొడతారు. గురువారం అక్కడ నిలబడాల్సింది నేను కదా" అంది. సంతకం పెట్టొద్దని గంటసేపు వాదించాను. మా బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. చివరికి ఆమె, "నీ చట్టం వచ్చేదాకా ఇంట్లో ఏం వండను? నేను చెప్పింది రాయి, ఒక్క మాట కలపకు" అంది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. పై ప్రార్థనను తమరు పక్కన పెట్టినా ఇవి చూడండి:

1. నన్ను ఉత్తరాల విభాగంలోనే ఉంచాలి.

2. కొత్త అమ్మాయిని సాక్ష్యానికి పిలవకూడదు. వాళ్ళమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

3. క్షమాపణ పత్రంలో "మేనేజరు గారు గదిలో పని చేసుకొనుచుండగా" అన్న మాట కొట్టేయాలి. గదిలో ఎవరూ లేరు. మిగతాదానికి సంతకం పెడతాను.